వారసత్వ బాటా, వేగ రహదారీ: సూరత్ చుట్టూ సైకిల్ దారుల భవితవ్యం

సూరత్: దేశంలో సాహస పర్యాటకానికి ఆదరణ పెరిగేకొద్దీ కొండదారుల్లో సైకిల్ తొక్కే మౌంటెన్ బైకింగ్‌కు కొత్త మార్గాల అన్వేషణ సాగుతోంది. హిమాలయ సానువులు, నీలగిరులు, పశ్చిమ కనుమల పేర్లే ఎక్కువగా వినిపించే ఈ రంగంలో దక్షిణ గుజరాత్ ప్రస్తావన అరుదు. అయితే సూరత్ నగరం నుంచి ఒకటి రెండు రోజుల సైకిల్ ప్రయాణపు దూరంలో సముద్రతీరం, చెరకు తోటలు, టేకు అడవులు, కొండకోటలు ఉన్నాయి. స్వాతంత్ర్యోద్యమాన్ని మలుపు తిప్పిన మూడు ప్రధాన స్థలాలూ ఈ పరిధిలోనివే. ఇక్కడ దారులను కొత్తగా నిర్మించవలసిన అవసరం పెద్దగా లేదు. ఉన్న నెమ్మది దారులను కాపాడటమా, వారసత్వం పేరిట వాటిని వేగవంతమైన రహదారులుగా మార్చడమా అన్నదే అసలు ప్రశ్న.

మౌంటెన్ బైక్ అంటే వెడల్పైన టైర్లు, కుదుపులను తట్టుకునే సస్పెన్షన్, ఎగుడు దిగుళ్లకు అనువైన గేర్లు గల సైకిల్. దీనికి నున్నటి తారురోడ్డు అక్కర్లేదు. డొంకదారి, బండ్ల బాట, కాలువ గట్టు, అటవీ శాఖ మట్టిరోడ్డు చాలు. దక్షిణ గుజరాత్ గ్రామసీమలో ఇవన్నీ ఉన్నాయి. పటంలో వాటిని ఒకదానితో ఒకటి కలిపి, ప్రయాణికుడికి తెలియజేసి, అక్కడి ప్రజలకు నష్టం కలగకుండా నిర్వహించే బాధ్యత ఏ శాఖదన్న విషయం మాత్రం స్పష్టం కావలసి ఉంది.

దండి బాట చెప్పే పాఠం

ఈ ప్రాంతంలో అత్యంత ప్రసిద్ధమైన మార్గం ఉప్పు సత్యాగ్రహానిది. 1930 మార్చి 12న సబర్మతి ఆశ్రమం నుంచి బయలుదేరిన గాంధీజీ 241 మైళ్లు నడిచి ఏప్రిల్ 5న దండి చేరారు. మర్నాడు ఉదయం ఉప్పు చట్టాన్ని ఉల్లంఘించారు. సూరత్ జిల్లాలో ఈ బాట ఓల్పాడ్ ప్రాంతంలోని భాట్‌గామ్, దేలాడ్ గ్రామాల మీదుగా సాగి ఏప్రిల్ 1న నగరాన్ని చేరింది. అక్కడి నుంచి డిండోలి, వాంజ్, ధామణ్, నవ్‌సారి, విజల్‌పూర్, కరాడీ, మట్వాడ్ మీదుగా సముద్రతీరానికి వెళ్లింది. వెంట నడిచిన సత్యాగ్రహుల జాబితాలో ఆంధ్ర నుంచి యెర్నేని సుబ్రహ్మణ్యం పేరు ఉండటం తెలుగువారికి గర్వకారణం.

సూరత్ నుంచి దండి సుమారు 50 కిలోమీటర్లు. నేల చదునుగా ఉంటుంది గనుక సైకిల్ అలవాటున్నవారు ఒక్క పూటలో చేరుకోగలరు. 2019 జనవరి 30న ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించిన జాతీయ ఉప్పు సత్యాగ్రహ స్మారకం ఈ మార్గానికి సహజమైన గమ్యం.

ఉప్పు సత్యాగ్రహం 75 ఏళ్ల ఉత్సవాల సందర్భంగా 2005లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ బాటను వారసత్వ మార్గంగా అభివృద్ధి చేస్తామని ప్రకటించారు. ఆ తర్వాత ఇది జాతీయ రహదారుల జాబితాలో చేరింది. తొలుత 228, ఇప్పుడు 64 సంఖ్యతో వ్యవహారంలో ఉంది. గుర్తింపు, నిధులు, నిర్వహణ పరంగా అది మేలైన నిర్ణయమే. కానీ జాతీయ రహదారి ప్రమాణాలు మోటారు వాహనాల వేగాన్ని, రద్దీని ప్రాతిపదికగా తీసుకుని రూపొందినవి. నడిచే మనిషి వేగంతో పుట్టిన బాటకు లారీ వేగంతో కొలత వేసినప్పుడు పేరు నిలుస్తుంది గాని ఆ బాట స్వభావం మారిపోతుంది.

దీని పర్యవసానం అంకెల్లో కనిపిస్తుంది. కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. దేశ రోడ్ల మొత్తం పొడవులో జాతీయ రహదారుల వాటా 2 శాతానికి కాస్త ఎక్కువ. మరణాల్లో వాటి వాటా మాత్రం 36 శాతం. మృతుల్లో సైకిలిస్టులు దాదాపు 3 శాతం ఉండగా, పాదచారులు 19 శాతానికి పైగా ఉన్నారు. పాదయాత్ర స్మృతిగా వెలసిన దారి మీద కాలినడకన, సైకిల్ మీద వెళ్లేవారికే ముప్పు ఎక్కువగా ఉంటే ఆ స్మృతికి అర్థం మిగలదు.

ఈ సందర్భంలో 1930 మార్చి 29న భాట్‌గామ్‌లో గాంధీజీ చేసిన ప్రసంగాన్ని గుర్తుచేసుకోవచ్చు. రాత్రి నడక కోసం బరువైన కిట్సన్ దీపాన్ని ఒక కూలీ తలపై మోస్తుండగా, వేగంగా నడవమని అతన్ని తరమడం చూసి ఆయన తీవ్రంగా బాధపడ్డారు. తమ సౌకర్యం కోసం సాగుతున్న ఆడంబరాన్ని బహిరంగంగా ఖండించారు. యాత్ర ఎవరి భుజాల మీద సాగుతోందన్న ఆనాటి ప్రశ్న ఈనాటి పర్యాటక ప్రణాళికలకూ వర్తిస్తుంది.

బార్డోలీ, హరిపురా: కాలువ గట్ల అవకాశం

సూరత్‌కు తూర్పున సుమారు 35 కిలోమీటర్ల దూరంలో బార్డోలీ ఉంది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా ఘటన అనంతరం సహాయ నిరాకరణను నిలిపివేస్తూ కాంగ్రెస్ కార్యవర్గం తీర్మానం చేసింది ఇక్కడే. అదే సమయంలో గుంటూరు జిల్లా పెదనందిపాడులో పన్నుల నిరాకరణ ఉద్యమం ఉధృతంగా సాగుతుండటం వల్ల ఆ తీర్మానం ప్రభావం తెలుగు నేలపైనా నేరుగా పడింది. ఆరేళ్ల తర్వాత 1928లో భూమి శిస్తును 22 శాతం పెంచడాన్ని నిరసిస్తూ వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో బార్డోలీ రైతులు సత్యాగ్రహం చేశారు. చివరకు విచారణ సంఘం పెంపును సుమారు 6 శాతానికి పరిమితం చేసింది. పటేల్‌కు ‘సర్దార్’ అన్న పిలుపు స్థిరపడింది ఆ పోరాటంతోనే. నాటి స్వరాజ్ ఆశ్రమం నేటికీ అక్కడ ఉంది.

బార్డోలీకి కొద్ది దూరంలో తాపీ నది ఒడ్డున హరిపురా గ్రామం ఉంది. 1938 ఫిబ్రవరిలో సుభాష్ చంద్రబోస్ అధ్యక్షతన కాంగ్రెస్ మహాసభ ఇక్కడ జరిగింది. గ్రామీణ జీవితాన్ని చిత్రిస్తూ నందలాల్ బోస్ ఆ సభల కోసం వేసిన బొమ్మలు భారతీయ చిత్రకళా చరిత్రలో ప్రత్యేక స్థానం పొందాయి. సూరత్, బార్డోలీ, హరిపురాలను కలుపుతూ వెళ్లి తాపీ తీరం వెంబడి తిరిగివస్తే రెండు రోజుల చక్కని సైకిల్ యాత్ర అవుతుంది.

ఈ ప్రాంతానికి మరో అనుకూలత ఉంది. తాపీ నదిపై 1954లో కాకరాపార్ ఆనకట్ట పూర్తయ్యాక దాని కుడి, ఎడమ కాలువలు సూరత్ ప్రాంత వ్యవసాయాన్ని మార్చివేశాయి. పత్తి, జొన్న పండిన నేలల్లో చెరకు విస్తరించింది. కాలువల పర్యవేక్షణ కోసం వేసిన గట్టు దారులు ప్రధాన రోడ్లకు దూరంగా, నీటి పక్కన, పొలాల నడుమ సాగుతాయి. వాహనాల తాకిడి తక్కువ. మౌంటెన్ బైక్‌కు ఇంతకంటే అనువైన దారి వేరే ఉండదు. అయితే ఇవి నీటిపారుదల శాఖ అధీనంలో ఉంటాయి. పర్యాటక శాఖ వాటిపై నిర్ణయం తీసుకోలేదు, రోడ్లు భవనాల శాఖకు వాటితో సంబంధం లేదు. ఇలా శాఖల మధ్య ఉండిపోయిన దారులకు ఒక ఉమ్మడి ఒప్పందం అవసరం.

రుతువుల లెక్క కూడా కీలకమే. దక్షిణ గుజరాత్‌లో జూన్ నుంచి సెప్టెంబరు వరకు భారీ వర్షాలు కురుస్తాయి. తడిసిన నల్లరేగడి మట్టి టైర్లకు అంటుకుని చక్రాలు తిరగనివ్వదు. ఏప్రిల్, మే నెలల్లో ఎండలు తీవ్రం. మిగిలేది అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకే. సరిగ్గా ఆ నెలల్లోనే చెరకు కోతలు సాగుతాయి. చక్కెర ఫ్యాక్టరీలకు చెరకు మోసే లారీలు, ట్రాక్టర్లు, ఎడ్లబండ్లతో బార్డోలీ పరిసర రోడ్లు నిండిపోతాయి. తోటల పక్కన గుడారాలు వేసుకుని కోతలు కోసే వలస కూలీల కుటుంబాలూ అవే దారులపై ఉంటాయి. మార్గాల ప్రణాళిక పర్యాటక క్యాలెండర్‌తో పాటు పంటల క్యాలెండర్‌నూ చూడాలి.

తూర్పు కొండలు: అనుమతి ఇవ్వవలసింది ఎవరు?

నిజమైన కొండదారులు బార్డోలీ దాటాక మొదలవుతాయి. సూరత్ జిల్లాలోని మాండ్వీ, ఉమర్‌పాడా తాలూకాల్లో గుట్టలు, వాగులు, టేకు అడవులు ఉన్నాయి. ఉమర్‌పాడాలోని దేవ్‌ఘాట్ జలపాతం, మాండ్వీ సమీపంలోని కేవ్డీ అటవీ విడిది ఇప్పటికే పర్యాటకులను ఆకర్షిస్తున్నాయి. 2007లో సూరత్ నుంచి విడిపోయి ఏర్పడిన తాపీ జిల్లాలో గైక్వాడ్‌ల తొలి స్థావరమైన సోన్‌గఢ్ కొండకోట ఉంది. పీలాజీరావు గైక్వాడ్ కాలంలో వెలసిన ఈ కోట నుంచి చూస్తే 1972లో పూర్తయిన ఉకాయి జలాశయం పరిసరాలు కనువిందు చేస్తాయి.

మరింత ఆగ్నేయంగా వెళితే డాంగ్ జిల్లా. సహ్యాద్రి శ్రేణి ఉత్తర కొసన ఉన్న ఈ చిన్న జిల్లాలో అత్యధికులు భిల్, కోంక్ణా, వార్లీ తదితర ఆదివాసులు. వాఘాయి వద్ద అంబికా నదిపై గీరా జలపాతం, పూర్ణా అభయారణ్యం, సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉన్న సాపుతారా ఈ ప్రాంత ఆకర్షణలు. బిలిమోరా నుంచి వాఘాయి వరకు గైక్వాడ్‌ల కాలంలో వేసిన 63 కిలోమీటర్ల నారోగేజ్ రైలు మార్గాన్ని మూసివేయాలన్న ప్రతిపాదన 2020లో వచ్చింది. స్థానికుల నిరసనల నేపథ్యంలో 2021లో సర్వీసు తిరిగి మొదలైంది. సైకిల్‌ను రైలులో తెచ్చుకుని అడవి అంచున దిగే వీలు కల్పిస్తే సూరత్ నుంచి రద్దీ రోడ్ల మీద ప్రయాణించవలసిన అవసరం తగ్గుతుంది. ఆదరణ లేదన్న కారణంతో మూతపడబోయిన రైలుకు కొత్త ప్రయాణికులు దొరుకుతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. అభయారణ్యాల్లో ప్రవేశానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అటవీ శాఖ అనుమతి కావాలి. 2006 అటవీ హక్కుల చట్టం అడవిపై ఆధారపడిన సమూహాలకు హక్కులు కల్పించి, గ్రామసభకు ముఖ్య పాత్ర ఇచ్చింది. అడవిలోని కాలిబాటలు ఖాళీ స్థలాలు కావు. కట్టెలకు, ఇప్పపువ్వుకు, పశువుల మేతకు, సంతకు వెళ్లేవారు రోజూ నడిచే దారులవి. ముందుగా గ్రామసభను సంప్రదించకుండా బయటి సంస్థ ఒకటి పటం గీసి పోటీ నిర్వహిస్తే ఆ దారి స్వభావం ఒక్క సీజన్‌లోనే మారిపోవచ్చు. విడిది, భోజనం, దారి చూపడం, సైకిల్ మరమ్మతు వంటి పనుల్లో ఆదాయం గ్రామానికి చేరే పద్ధతి ఉంటేనే ఇటువంటి మార్గాలు నిలుస్తాయి.

నగరంలో సైకిల్ ఎవరిది?

ఈ గ్రామీణ మార్గాలన్నీ సూరత్ నగరం నుంచే మొదలవుతాయి. 16వ శతాబ్దిలో తాపీ ఒడ్డున కట్టిన కోట, 1644లో నిర్మాణమై నేడు నగరపాలక సంస్థ ప్రధాన కార్యాలయంగా ఉన్న మొఘల్ సరాయి, ఆంగ్లేయుల, డచ్చివారి సమాధి మందిరాలు సైకిల్‌పై చుట్టివచ్చే దూరంలోనే ఉన్నాయి. కానీ ఆ సైకిల్ మీద ఎవరు ఉన్నారన్నది చూడవలసిన విషయం.

సూరత్ వస్త్ర పరిశ్రమ దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికుల శ్రమతో నడుస్తోంది. పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చి స్థిరపడిన చేనేత కుటుంబాలు లింబాయత్ తదితర ప్రాంతాల్లో పెద్దసంఖ్యలో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలు నడపడం ఈ ఉనికికి నిదర్శనం. దండి యాత్రికులు ఆగిన డిండోలి నాడు ఒక పల్లె, నేడు నగరంలో కలిసిపోయిన శివారు. మగ్గాల షెడ్లకు షిఫ్టు వేళల్లో సైకిల్ మీద, కాలినడకన వెళ్లే కార్మికులు చారిత్రక మార్గాన్ని రోజూ దాటుతుంటారు. ఆదివారం ఉదయం ఖరీదైన సైకిల్ మీద వెళ్లే వ్యక్తికి కావలసిందీ, అర్ధరాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి వెళ్లే కార్మికుడికి కావలసిందీ ఒక్కటే: వెనుక నుంచి వచ్చే వాహనం భయం లేని దారి, తగినంత వెలుతురు, కూడలి వద్ద దాటే వీలు.

కేంద్ర గృహనిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ 2020లో ప్రారంభించిన ‘ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్’ పోటీలో పాల్గొన్న 107 నగరాల నుంచి 2021లో ఎంపికైన 11 నగరాల్లో సూరత్ ఒకటి. వరంగల్ మరొకటి కావడం విశేషం. తెలంగాణ నేత కార్మికుల స్వస్థలమూ, వారి వలస గమ్యమూ ఒకే జాబితాలో చోటు సంపాదించాయి. అయితే ఈ ప్రయత్నాలకు ఊతమిచ్చిన స్మార్ట్ సిటీస్ మిషన్ గడువు 2025 మార్చి 31తో ముగిసింది. ఇకపై సైకిల్ సదుపాయాల నిర్వహణ భారం నగరాలదే. మరోవైపు 2024 డిసెంబరులో మొదలైన ‘ఫిట్ ఇండియా సండేస్ ఆన్ సైకిల్’ కార్యక్రమం ప్రజల్లో ఉత్సాహం నింపుతోంది. ఉత్సాహం ఆదివారానికి, ప్రమాదం వారమంతటికీ అన్నట్టు పరిస్థితి మిగలకూడదు.

భారీ నిర్మాణాల ప్రభావాన్నీ విస్మరించలేము. ఢిల్లీ–ముంబయి ఎక్స్‌ప్రెస్‌వే సూరత్ జిల్లా పల్లెసీమ గుండా సాగుతోంది. ఇటువంటి రహదారులపై సైకిళ్లకు ప్రవేశం ఉండదు. ఊరికీ పొలానికీ మధ్య ఉన్న పాత డొంకలు అండర్‌పాస్ ఉన్నచోటే బతుకుతాయి, లేనిచోట తెగిపోతాయి. ఒకసారి తెగిన దారిని మళ్లీ కలపడం ఎంతో ఖర్చుతో కూడిన పని.

ఇతర దేశాల అనుభవం, తెలుగు నేలకు సూచన

న్యూజిలాండ్ అనుభవం ఈ విషయంలో ఉపయుక్తం. మూతపడిన రైలు మార్గాన్ని సైకిల్ దారిగా మార్చి 2000లో ప్రారంభించిన ఒటాగో సెంట్రల్ రైల్ ట్రయిల్ సుమారు 150 కిలోమీటర్లు సాగుతుంది. దాని వల్ల చిన్న పల్లెల్లో భోజనశాలలు, విడిదులు తిరిగి ప్రాణం పోసుకున్నాయి. ఆ అనుభవంతో అక్కడి ప్రభుత్వం 2009లో 5 కోట్ల న్యూజిలాండ్ డాలర్లతో జాతీయ సైకిల్ మార్గాల పథకాన్ని చేపట్టింది. ప్రయాణికుడు నెమ్మదిగా సాగుతాడు గనుక ప్రతి ఊళ్లో ఆగుతాడు, ఆగిన చోటల్లా ఖర్చు చేస్తాడు. కారులో వచ్చేవాడు గమ్యం వద్ద మాత్రమే ఆగుతాడు.

తెలుగు రాష్ట్రాల్లో హైదరాబాద్ వేరే బాట పట్టింది. బాహ్య వలయ రహదారి పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో ప్రారంభమైంది. వాహనాల నుంచి పూర్తిగా వేరుచేసిన ఆ ట్రాక్ భద్రతకు మంచి నమూనా. కానీ అది కొత్తగా కట్టిన నగర సదుపాయం. చరిత్ర నడిచిన పల్లెదారులను నిలబెట్టుకోవడం వేరే పని.

ఆ పనికి తెలుగు నేలపైనా అవకాశం ఉంది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం వరుసగా దాడి చేసిన చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల నడుమ మన్యం కొండలు పరచుకుని ఉన్నాయి. బార్డోలీతో ముడిపడిన పెదనందిపాడు, చీరాల–పేరాల ఉద్యమ స్థలాలు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువల సీమలో ఉన్నాయి. దండి బాట విషయంలో గుజరాత్‌కు ఎదురైన ప్రశ్నలే రేపు ఇక్కడా ఎదురవుతాయి. మన్యంలో గ్రామసభ, డెల్టాలో జలవనరుల శాఖ, రెండుచోట్లా రహదారుల విస్తరణ నిర్ణాయక అంశాలు అవుతాయి.

చేయదగినవి

సూరత్ పరిసరాల్లో ఇప్పటికిప్పుడు చేపట్టదగిన చర్యలు భారీ వ్యయంతో కూడినవి కావు. దండి వారసత్వ రహదారి విస్తరణ జరిగే ప్రతిచోటా నడిచేవారికి, సైకిళ్లకు వేరుగా జాగా కేటాయించడం మొదటిది. అది సాధ్యంకాని చోట గ్రామాల లోపలి పాత దారిని గుర్తుపలకలతో ప్రత్యామ్నాయంగా చూపవచ్చు. కాలువ గట్లపై సైకిళ్లను అనుమతిస్తూ, మోటారు వాహనాలను నియంత్రిస్తూ నీటిపారుదల, పర్యాటక శాఖలు ఒప్పందానికి రావాలి. డాంగ్, తాపీ, ఉమర్‌పాడా అడవుల్లో గ్రామసభ ఆమోదం తర్వాతే మార్గాలను ప్రకటించాలి. వాఘాయి రైలులో సైకిళ్లకు చోటు కల్పించాలి. నగరంలో కార్మికులు ఎక్కువగా తిరిగే రోడ్లతోనే సైకిల్ దారుల పనులు మొదలుపెట్టాలి.

ఇవి జరగకపోతే నష్టం పర్యాటక ఆదాయంతో ఆగదు. రోడ్డు వెడల్పయిన ప్రతిసారీ దాని అంచున నడిచేవాడు మరికొంత పక్కకు జరగవలసి వస్తుంది. సామాన్యుడి కాలినడకను రాజకీయ శక్తిగా మార్చిన చరిత్ర ఈ నేలది. భాట్‌గామ్ నుంచి దండి వరకు ఒక బడిపిల్లవాడు సైకిల్ మీద క్షేమంగా వెళ్లి రాగలిగిన రోజున ఆ దారికి ఇచ్చిన వారసత్వ హోదా సార్థకమవుతుంది.